పొత్తికడుపులో నీళ్ల బుగ్గ

ఎయిర్‌పోర్టు వచ్చి నాలుగేళ్లయిన రోజులవి. శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద ఒక స్కానింగ్ సెంటర్లో నేను రిపోర్టులు టైపు చేసేదాన్ని. నా కుర్చీ వెనక గోడకు పెద్ద బోర్డు ఉండేది. ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు, చేయడం, అడగడం రెండూ నేరం అని. ఆ బోర్డును అక్షరం అక్షరం చదివి, చదవడం అయిపోగానే నా టేబుల్ మీదికి వంగి, "అక్కా, జర చెప్పరాదు, ఎవ్వలకు చెప్పం" అని గుసగుసలాడే అత్తగార్లను రోజుకు పదిమందినైనా చూసేదాన్ని. డాక్టరు నవ్వాడా, ముఖం ముడుచుకున్నాడా, కాగితం కుడిచేత్తో ఇచ్చాడా అని లెక్కలేసుకునేవాళ్లు. డాక్టరుకు పంటినొప్పి వచ్చిన రోజున ఆ క్యూలో ఉన్న కోడళ్లందరికీ ఆడపిల్లలే అని తీర్మానించుకుని పోయారు. వాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకునేదాన్ని. నాకు ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే.

మా డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి. పొద్దున పూట సిటీ నుంచి వచ్చేవాడు. ఎంత విసుగొచ్చినా 'అండి' వదలడు. నాకు ఎనిమిదో నెల పడ్డాక ఒకరోజు పేషెంట్లు అయిపోయిన తర్వాత, "రండమ్మా, మీదీ చూసేద్దాం" అన్నాడు. ముందుగా నేనూ అందరిలాగే కాగితం మీద సంతకం పెట్టాను, పుట్టబోయేది ఎవరో తెలుసుకోవాలని నాకు లేదని. ఆయన చకచకా తల కొలిచాడు, తొడ ఎముక కొలిచాడు. పొట్ట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచాడు.

"ఏమైంది సార్?"

"బిడ్డ పొత్తికడుపులో చిన్న నీటిబుడగ కనిపిస్తోందమ్మా. నాలుగు సెంటీమీటర్లుంది. లోపల నీరు తేటగానే ఉంది."

"దేని మీదుంది?"

ఆయన నా చేతికి టిష్యూ కాగితాలు ఇచ్చాడు. "కిడ్నీలు బాగున్నాయి. మూత్రాశయం బాగుంది. పేగులూ బాగానే ఉన్నాయండి."

"మరి దేని మీదుంది సార్?"

"పొత్తికడుపులో అండి," అన్నాడు, తెర వైపు చూస్తూనే.

ఈయన రిపోర్టులు నేను ఎన్ని వందలు టైపు చేశానో. కిడ్నీ మీద ఉంటే కిడ్నీ అని రాయిస్తాడు. పేగు అనుమానం ఉంటే పేగు అని రాయిస్తాడు. అన్నీ బాగున్నాయని ఒక్కొక్కటీ వరసపెట్టి, చివరికి వట్టి పొత్తికడుపు దగ్గర ఆగిపోయాడంటే, ఇంక మిగిలింది మగపిల్లలకు లేనిదే. అండాశయం. ఆ మాట ఆయన నోట వస్తే పుట్టేది ఆడపిల్లని చెప్పినట్టే, చెప్పాడని తెలిస్తే అధికారులొచ్చి మెషిన్‌కు సీలు వేసినట్టే. అందుకని ఆ అవయవానికి జబ్బు చేస్తే, పుట్టేదాకా దానికి పేరుండదు. చట్టం మీద నాకు కోపం లేదు. అలాంటి చట్టం లేకపోతే కుదరని మనుషుల మీదే నా కోపమంతా.

ఆయన పేరు చెప్పకుండానే మిగతాదంతా చెప్పాడు. "ఇలాంటివి తల్లి హార్మోన్ల వల్ల వస్తాయండి. పుట్టాక ఆ హార్మోన్లు అందవు కాబట్టి చాలామటుకు వాటంతటవే ఇంకిపోతాయి. రెండు వారాలకోసారి చూద్దాం. బాగా పెరగకుండా, మెలిపడకుండా ఉంటే మనం చేసేదేం లేదు. మామూలు కాన్పే."

"ఇలాంటివి అంటే ఎలాంటివి సార్?"

"ఇలాంటివేనండి."

"మెలిపడితే?"

"రక్తం అందక అది పోతుందమ్మా," అన్నాడు మెల్లగా. ఏది పోతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నా కూతురికి రెండు అండాశయాలు మిగులుతాయా, ఒకటే మిగులుతుందా అన్నదే ప్రశ్న. నేను చెయ్యవలసిందల్లా ఓపిక పట్టడం, ఎవరూ తొందరపడి కత్తి పెట్టకుండా చూసుకోవడం. అదేం పెద్ద పని అనుకున్నాను. మా ఇంట్లోవాళ్లను మరిచిపోయాను.

మా ఆడబిడ్డ భర్తకు ఆరాంఘర్ దగ్గర మందుల షాపుంది. షాపు పెట్టి పదేళ్లయింది కాబట్టి సగం డాక్టరని ఇంట్లో అందరి నమ్మకం. మిగతా సగం ఆయన సొంతంగా కలుపుకున్నాడు. జ్వరమొచ్చినా, ఇంటికి సున్నం వేయించాలన్నా ఆయన్నే అడుగుతారు. ఆ సాయంత్రం ఆయన వచ్చి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని నా రిపోర్టు చదివాడు. బ్లాడర్ అన్న మాట కనబడగానే వేలు అక్కడ పెట్టి ఆగాడు. దాని పక్కనే నార్మల్ అని నేనే టైపు చేశాను. ఆ మాట దాకా ఆయన వెళ్లలేదు.

"మూత్రం తిత్తి అత్తమ్మా," అన్నాడు మా అత్తతో. "మూత్రం పోయే తోవ బందైతే గిట్లనే బుగ్గ లెక్క ఉబ్బుతది. గిది మొగపిలగాండ్లకే వస్తది. ఆడపోరిలకు రాదు."

బిడ్డ బతుకుతుందా అని మా అత్త అడగలేదు. నొప్పి ఉంటుందా అని అడగలేదు. ముఖమంతా విప్పారి, "అయితే మొగపిలగాడే అన్నట్టు!" అంది. మా ఆయన ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడిపేవాడు. ఆ రాత్రి డ్యూటీ మానేసి దోస్తులతో కూర్చున్నాడు. కడుపులో బిడ్డకు జబ్బుందని తెలిసిన రోజు పండగ చేసుకున్న ఇల్లు ఈ భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది.

మర్నాటి నుంచి నాకు రాజభోగాలు. రెండో గుడ్డు అడిగితే నా చెయ్యి వైపు చూసే మా అత్త, పొద్దున్నే మేకకాళ్ల పాయా పులుసు గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చేది. మా ఆయన నన్ను క్యాబ్‌లో సెంటర్ దగ్గర దింపేవాడు, అడక్కుండానే ఏసీ వేసి. మరి నేను నోరు విప్పానా? లేదు. నోరు విప్పితే, "నీకెట్ల ఎర్క?" అంటారు. నేను లెక్క కట్టి పట్టుకున్నానంటే ఎవరు నమ్ముతారు? డాక్టరే చెవిలో ఊదాడంటారు. ఆ మాట ఊరంతా పాకి, పాపం ఆ 'అండి' మనిషి కోర్టుల చుట్టూ తిరగాలి. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. నిజమే కూడా. కానీ పాయా బాగుండేది. ఇదీ నిజమే. సెంటర్లో అత్తగార్లను చూసి నవ్వుకున్న మనిషినే, ఇంట్లో మగబిడ్డ తల్లి వేషం వేసుకుని బొక్కలు చీకుతూ కూర్చున్నాను. నా మీద నాకు అసహ్యం వేసేది. గిన్నె మాత్రం ఖాళీ చేసేదాన్ని.

ఒక ఆదివారం మందుల షాపాయన మమ్మల్ని సిటీలో తనకు తెలిసిన ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడి సర్జన్ రిపోర్టు చూశాడు, నా ముఖం చూడలేదు. మా అత్త ఆగలేక, "సార్, మూత్రం అడ్డమేనా?" అంది. ఆయనా అవయవం పేరెత్తకూడదు కదా. "ముందు బిడ్డను బయటికి తీద్దాం. వచ్చే వారం సిజేరియన్ చేసి, మా దగ్గరే ఐసీయూలో పెట్టి, ఆ గడ్డ తీసేద్దాం" అన్నాడు. కాదనలేదు కాబట్టి మా వాళ్లకు అవునన్నట్టే. నాకింకా నెల మీద టైముంది. నెలలు నిండని బిడ్డను బయటికి లాగి, ఊపిరి సరిగ్గా తీసుకోవడం రాకముందే పొట్ట కోస్తారట. ఇవతల ముగ్గురూ తలలాడించారు. "ఎంత మంచి డాక్టరు, ఒక్క టెస్టు గూడ మల్ల రాయలే," అన్నాడు మా ఆయన కారెక్కుతూ.

మా డాక్టరుగారికి చెప్తే, ఆయనకు కోపం రావడం మొదటిసారి చూశాను. మళ్లీ స్కాన్ చేశాడు. అదే నాలుగు సెంటీమీటర్లు, నీరు తేటగానే ఉంది. "ఎందుకండీ ఈ తొందర? ఎవరి కొంప మునిగిందని?" అన్నాడు. సర్కారు దవాఖానలో ఆయనకు తెలిసిన కాన్పుల డాక్టరమ్మకు చీటీ రాసిచ్చాడు. ఆమె నా పొట్ట మీద చెయ్యేసి చూసి, "ఎవలమ్మా నిన్ను గిప్పుడే కోయించుకోమన్నది? నెలలు నిండినంక నొప్పులొస్తే రా. బిడ్డ పుట్టినంక పిల్లల డాక్టరు చూసుకుంటడు," అంది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

"సర్కార్ దవాఖానల గట్లనే అంటరు. బావ చెప్పిండు కద," అన్నాడు.

"బావకు దగ్గు మందు తప్ప ఇంకేం ఎర్క?"

"నీకు టైపు కొట్టుడు తప్ప ఇంకేం ఎర్క?"

వాదించి లాభం లేదని తెలిసిపోయింది. ఈ ఇంట్లో డాక్టరు మాట చెల్లదు, నా మాట అసలే చెల్లదు. చెల్లేది ఒకటే, నలుగురి ముందు ఆనవాయితీ. తుక్కుగూడ దాటాక మా తల్లిగారి ఊరు. మా అమ్మకు ఫోన్ చేసి, ఎల్లుండి వీళ్లు నన్ను ఆస్పత్రిలో చేరుస్తారు, రేపే వచ్చి తీసుకుపో అన్నాను. మా అమ్మ ఎందుకని అడగలేదు. మర్నాడు పొద్దున చీరె, జాకెట్ బట్ట, గంపెడు మిఠాయి, ఇద్దరు పెద్ద ముత్తయిదువులతో ఆటో దిగింది. ఇంట్లోకి రాకుండా గేటు దగ్గరే నిలబడి, అటు నాలుగిళ్లు ఇటు నాలుగిళ్లు వినేలా, "తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల గావాలె వదినా. నీ బిడ్డను నువ్వు తెచ్చుకోలేదా? నా బిడ్డను నేను తీస్కపోతున్న," అంది. మా అత్త నోరు తెరిచింది, గోడల మీదుగా తొంగి చూస్తున్న తలలను చూసి మూసింది. ఆస్పత్రి, సర్జన్, ఐసీయూ అన్నీ ఒక జాకెట్ బట్ట ముందు ఆగిపోయాయి.

ఆటోలో నేను మా అమ్మతో మొదటిసారి పైకి అన్నాను. "అమ్మా, ఆడపిల్లనే. నాకు ఎర్కే."

"అయితే ఏంది?" అంది మా అమ్మ. "పొద్దుగాల ఏమన్న తిన్నవా లేదా?"

నెలలు నిండాక సర్కారు దవాఖానలోనే మామూలు కాన్పు అయింది. గట్టిగా ఏడ్చింది నా కూతురు, వార్డంతా వినబడేలా. కబురందుకుని మా వాళ్లు వచ్చారు. మా అత్త గుడ్డ విప్పి చూసి, మళ్లీ చుట్టి, ఆయమ్మను పిలిచి, "జర మల్లొకసారి సూడు, ఎవల పిల్లనన్న మార్సిండ్రేమో," అంది. ఆయమ్మ రోజూ వినే మాటే కాబట్టి తన పని తాను చేసుకుపోయింది. మా ఆయన పాపను చూసి, నన్ను చూసి, ఫోన్ వచ్చినట్టు బయటికి పోయాడు. మందుల షాపాయనైతే ఏ మాత్రం తడబడలేదు. "రిపోర్టే తప్పు కొట్టిండ్రు," అని, కొట్టినదాన్ని నేనే కాబట్టి నా వైపు చూశాడు. ఎవరి మీదా నాకు ఆశ్చర్యం కలగలేదు.

మూడో రోజు పిల్లల డాక్టరు స్కాన్ చేశాడు. చూస్తూనే, "కుడి అండాశయం మీద నీటిబుడగ," అన్నాడు మామూలుగా, ఎవరికీ భయపడకుండా. రెండు నెలలుగా ఎవరూ అనని మాట. నేను ఒక్కదాన్నే లోపల మోసిన మాట. వినగానే బల్ల పట్టుకుని ఏడ్చేశాను. ఆయన భయపడి, "ఏం కాదమ్మా, కోయం, ఏం కోయం" అని సముదాయించాడు. ముట్టుకోవద్దు, నెలకోసారి చూద్దాం, ఆగకుండా ఏడ్చినా, వాంతులైనా, పొట్ట ఉబ్బినా మాత్రం పరుగెత్తుకు రమ్మన్నాడు. అప్పటి నుంచి ఆ పిల్ల ప్రతి ఏడుపూ నాకు మెలిపడ్డ ఏడుపులాగే వినిపించేది. పాలకు ఏడ్చినా దాని పొట్ట తడిమేదాన్ని.

మూడో నెల నిండకముందే అత్తగారింటికి తిరిగొచ్చాను. రెండో నెల స్కాన్‌లోనూ బుడగ తగ్గలేదు, అంతే ఉంది. ఆ మాట చాలు మా వాళ్లకు. "తీసేయించుండ్రి, ఒకటి పోతే ఇంకోటుంటది కద," అన్నాడు మందుల షాపాయన, చెప్పుల జత గురించి చెప్పినట్టు. మా ఆయన తలాడించాడు. మగపిల్లాడనుకున్నప్పుడు బతికించుకోవడానికి కొయ్యమన్నారు. ఆడపిల్లని తేలాక గొడవ వదిలించుకోవడానికి కొయ్యమన్నారు. ఊరికే ఉండండి అంటే మాత్రం ఎవరికీ మింగుడుపడదు.

అందరికంటే మా అత్తది పెద్ద గోల. "గిప్పుడైతే పోరికి యాదుండది. ఎవ్వలకు ఎర్కగాదు. పెద్దగైనంక పరేషాన్ ఎందుకు? తీసేపియ్యి," అని రోజూ పొద్దున మొదలుపెట్టేది. ఆమెకది వింత కాదు. మా బస్తీలో ముప్పై దాటిన ఆడవాళ్లలో గర్భసంచి మిగిలినవాళ్లను వెతుక్కోవాలి. నడుం నొప్పంటే తీసేశారు, తెల్లబట్ట అంటే తీసేశారు. పెద్దాపరేషన్ అని దానికి గౌరవంగా పేరు కూడా పెట్టుకున్నారు. నల్లా దగ్గర కలిస్తే, "నీదింక తియ్యలేదా?" అని పలకరించుకునేవాళ్లు. మా అత్తకూ చిన్న వయసులోనే అయింది. పుచ్చుపన్ను పీకించుకున్నట్టు మాట్లాడేది దాని గురించి. ఒకరోజు నాకు ఒళ్లు మండి, "నీది తీసేసిండ్రని నా బిడ్డది గూడ తీపిస్తవా?" అని అరిచాను. ఆమె వంటింట్లోకి పోయింది. బాగా తగిలింది అనుకున్నాను. ఆ రోజంతా హాయిగా ఉన్నాను.

తర్వాతి స్కాన్‌లో బుడగ రెండున్నరకు దిగింది. ఆ పైది ఒకటిన్నర. తగ్గిన ప్రతిసారీ ఇంటికొచ్చి అంకె గట్టిగా చెప్పేదాన్ని, అందరూ ఉన్నప్పుడు చూసి.  ఆరో నెల నిండాక చివరి స్కాన్ మా సెంటర్లోనే. మా ఆయనకు ఎయిర్‌పోర్టు డ్యూటీ పడింది. తాను వస్తానని మా అత్త పాపను చంకనేసుకుని బయల్దేరింది. ఎందుకొస్తోందో నాకు అర్థం కాలేదు. తప్పు దొరుకుతుందేమోనని చూడడానికే అనుకున్నాను.

చీకటి గదిలో ఆమె పాప కాళ్లు పట్టుకుని నిలబడింది. డాక్టరుగారికి ఇప్పుడు దాచేదేం లేదు. తెర మీద వేలు పెట్టి చూపిస్తూ, "ఇదిగోనండి కుడి అండాశయం. ఇది ఎడమది. రెండూ చక్కగా ఉన్నాయి. బుడగ లేదు," అన్నాడు.

"ఏడికి పోయింది?" అంది మా అత్త.

"ఇంకిపోయిందమ్మా."

"మందు గిట్ల ఏం ఎయ్యకుండనే?"

"ఏమీ లేదండి. ఊరికే వదిలేశాం, అదే పోయింది."

బయటికొచ్చి ఆటో కోసం రోడ్డు పక్క అరుగు మీద కూర్చున్నాం. ఆరు నెలలుగా నేను దాచుకున్న మాటలున్నాయి. మందుల షాపాయనకు ఒకటి, మా ఆయనకు ఒకటి, ఈమెకైతే నాలుగైదు. ఈమెవి ముందు అనేద్దామని ఆమె వైపు తిరిగాను. మా అత్త పాపను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని దాని పొట్టనే చూస్తోంది.

"నాకు గూడ నీళ్ల బుగ్గనే అన్నడు డాక్టరు," అంది. "గిదే పొత్తికడుపుల. నడుం నొప్పికని పోతే ఫోటో తీసి చెప్పిండు. రేపు తియ్యకపోతే సస్తవన్నడు. ఇద్దరు చిన్నపిల్లలు, సస్తె ఎట్ల అని పోయి పండుకున్న. సంచి తీసిండు, రెండు దిక్కులవి గూడ తీసిండు. గప్పుడు నాకు ఇరవయ్యేడేండ్లు. ఆ ఏడాది నుంచే ఒంట్లె మంటలు, బొక్కల నొప్పులు. మీ మామ ఇగ నా పక్కకు రాలే."

 ఆమె తలెత్తింది.

"ఇడిసిపెడితే నాది గూడ పోతుండెనా, బిడ్డా?"

పెళ్లై వచ్చాక ఆమె నన్ను అలా పిలవడం అదే మొదలు. ఆ వయసు ఆడవాళ్లకు వచ్చే అలాంటి బుడగలు ఎన్ని టైపు చేశాను నేను. మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలి అని కింద రాసేదాన్ని. మూడు నెలల తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి ఏమీ ఉండేది కాదు.

"తెల్వదత్తమ్మా," అన్నాను.

 ఆమె పాప పొత్తికడుపు మీద అరచెయ్యి పెట్టింది. ఆటో వచ్చేదాకా తియ్యలేదు.